నడుం పట్టేసిందా? ఎవరికి చూపించాలో, ఎప్పుడు చూపించాలో తెలుసుకోండి

తెల్లారగట్ల లేచి వాకిలి ఊడ్చి, ముగ్గు వేద్దామని వంగిన ఇల్లాలు మళ్ళీ నిటారుగా లేవలేక గుమ్మం పట్టుకుని నిలబడిపోవడం మన ఇళ్ళల్లో కొత్తేమీ కాదు. "నడుం పట్టేసిందర్రా!" అన్న మాట బయటికి రాగానే ఇంటిల్లిపాదీ వైద్యులైపోతారు. నువ్వులనూనె కాచి రాసి వావిలాకు నీళ్ళతో కాపడం పెట్టమంటారు అత్తయ్యగారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం తొక్కించుకుంటే ఇట్టే పోతుందంటుంది పక్కింటి పిన్నిగారు. కాలేజీకి వెళ్ళే అబ్బాయి సెల్‌ఫోన్‌లో వీడియో పెట్టి, "చూడమ్మా, టకటకమని విరిచేశాడు, ఆవిడ లేచి నడిచి వెళ్ళిపోయింది" అంటాడు. అమెరికాలో ఉన్న అమ్మాయేమో, "ఇక్కడ అందరూ కైరోప్రాక్టర్ దగ్గరికే వెళతారు, అక్కడెవరైనా ఉన్నారేమో కనుక్కో" అని ఫోన్లో చెబుతుంది.

ఇంతమంది ఇన్ని చెబుతుంటే దేన్ని నమ్మాలి? నిజానికి 'ఎవరికి చూపించాలి' అన్నది రెండో ప్రశ్న. అసలు ఈ నడుం మీద ఎవరైనా చెయ్యి వేసి నొక్కవచ్చా, లేదా? ముందు అది తేలాలి. అది తేల్చుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. నొప్పి ఎలా వచ్చింది, ఎప్పుడు ఎక్కువవుతోంది, దానితోపాటు ఇంకేం వచ్చాయి అని కాస్త గమనించుకుంటే చాలు.

కైరోప్రాక్టిక్ అంటే ఏమిటి?

ఇది పుట్టింది అమెరికాలో. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన మొదలుపెట్టారు. వెన్నుపూసలు తమ స్థానం నుంచి జరగడం వల్లే రోగాలు వస్తాయనీ, చేత్తో నొక్కి వాటిని సరిచేస్తే తగ్గుతాయనీ ఆయన వాదం. అన్ని రోగాలకూ మూలం వెన్నెముకే అన్న మాట తరువాతి కాలంలో శాస్త్రానికి నిలవలేదు. కానీ చేత్తో కీళ్ళను కదిలించే ఆ పద్ధతి మాత్రం నడుం నొప్పి, మెడ నొప్పికి ఉపయోగపడే చికిత్సల్లో ఒకటిగా నిలిచింది.

అమెరికాలో దీనికి ప్రత్యేక కళాశాలలున్నాయి. అన్ని రాష్ట్రాల్లోనూ లైసెన్స్ తప్పనిసరి. అయినా వాళ్ళు మన ఎంబీబీఎస్ డాక్టర్లలాంటి వాళ్ళు కారు, ఆపరేషన్లు చేసేవాళ్ళూ కారు. వాళ్ళ పని ముఖ్యంగా చేతులతోనే. ఈ వైద్యం చేసేవారికి ఎంత శిక్షణ ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్యంతో ముందు పరిచయం లేనివారు కనీసం 4200 గంటలు చదవాలనీ, అందులో 1000 గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగులను చూస్తూ నేర్చుకోవాలనీ అందులో ఉంది. వారాంతపు శిక్షణ తీసుకుని బోర్డు పెట్టేవారికీ, వీరికీ ఎంత తేడానో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

మన దేశంలో ఈ వైద్యానికంటూ వేరే చట్టం, వేరే కౌన్సిల్ లేవు. విదేశాల్లో చదివి వచ్చినవారు పెద్ద నగరాల్లో కొద్దిమంది ఉన్నారు. అదే బోర్డు ఎవరైనా తగిలించుకున్నా అడిగేవారు లేరు కాబట్టి జాగ్రత్త మనదే. ఇలా చేత్తో కీళ్ళను కదిలించే చికిత్సలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు మాత్రం మనకు జిల్లా కేంద్రాల్లో కూడా దొరుకుతారు.

ఆ 'టక్' ఏమిటి?

మెడ నుంచి నడుం దాకా మనకు కదిలే పూసలు 24. మెడలో 7, వీపులో 12, నడుంలో 5. ఆ కింద త్రికాస్థి, దాని చివర ముడ్డిపూస ఉంటాయి. పూసకీ పూసకీ మధ్య మెత్తని దిండులాంటి డిస్క్ ఉంటుంది. మొత్తం బరువంతా మోసేది నడుంలోని కింది రెండు డిస్కులే. అందుకే ఎక్కువగా దెబ్బతినేవీ అవే.

చేత్తో ఒక్కసారి నొక్కినప్పుడు వినిపించే 'టక్' మన వేళ్ళు విరుచుకున్నప్పుడు వచ్చే చప్పుడులాంటిదే. కీలులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడటం వల్ల వస్తుంది. జరిగిన ఎముక తిరిగి చోటులో కూర్చుందని కాదు దాని అర్థం. చప్పుడు పెద్దగా వస్తే వైద్యం గొప్పగా జరిగినట్టూ కాదు, రాకపోతే దండగ అయినట్టూ కాదు. బిగిసిన కీలు, కండరం కాస్త సడలి కదలిక సులువవుతుంది. అంతవరకే.

కంగారు పడనక్కర్లేని నొప్పి

2020లో ప్రపంచంలో సుమారు 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారు. వారిలో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువ. అయితే ధైర్యం చెప్పే మాట కూడా ఉంది. నడుం నొప్పి వచ్చిన నూటికి తొంభై మందిలో ప్రమాదకరమైన కారణమేదీ ఉండదు. బిందె ఎత్తినప్పుడో, బియ్యం బస్తా జరిపినప్పుడో కండరం పట్టేస్తుంది. కదిలితే నొప్పి, వాలుగా పడుకుంటే ఉపశమనం. జ్వరం లేదు, కాళ్ళలో బలం తగ్గలేదు. ఇలాంటిది చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది.

ఈ రోజుల్లో ఇంట్లో చేసుకోదగ్గవి ఇవి:

మంచానికి అతుక్కుపోకండి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి సరే, ఆపైన పడుకునే ఉంటే కండరాలు ఇంకా బిగుస్తాయి. ఇంట్లో మెల్లగా నడవండి, తేలిక పనులు చేసుకోండి.

వేడినీళ్ళ సంచీతో 15, 20 నిమిషాలు కాపడం పెట్టుకోండి. మధ్యలో పలుచని తువ్వాలు ఉండాలి. వావిలాకు నీళ్ళ కాపడం కూడా మంచిదే, అందులోని వేడి సుఖాన్నిస్తుంది.

వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద, పక్కకు పడుకుంటే మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకోండి. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకుండా పక్కకి ఒత్తిగిలి, చేతుల మీద ఆని లేవండి.

మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు రోజుల తరబడి మింగకండి. కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు ముప్పు, రక్తపోటు పెరగడం వీటితో వస్తాయి. కొన్ని పొట్లాల్లో స్టీరాయిడ్ కూడా కలిపి ఇస్తుంటారు.

నడుం తొక్కించుకోవడం మాత్రం వద్దే వద్దు. ఎవరు ఎలా పుట్టారన్న దానికీ మన నొప్పికీ సంబంధం లేదు. లోపల పూస బలహీనంగా ఉంటే మాత్రం ఆ తొక్కుడుకి విరగవచ్చు.

ఇవి ఉంటే ఎవరి చేతా నొక్కించుకోకండి

ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మాలిష్ చేసేవారి దగ్గరికీ, కైరోప్రాక్టర్ దగ్గరికీ కాదు, ముందు డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి.

మూత్రం రాకుండా బిగబట్టేయడం, లేదా తెలియకుండా పోవడం. మల విసర్జన మీద అదుపు తప్పడం. తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం. రెండు కాళ్ళూ బలం తగ్గి తడబడటం. ఇవి నడుం కింది నరాల కట్ట నలుగుతోందనడానికి గుర్తులు. తెల్లారనిద్దాం, ఆయన ఆఫీసు నుంచి వచ్చాక చూద్దాం అనుకోకుండా అప్పటికప్పుడే పెద్దాస్పత్రికి వెళ్ళాలి. గంటలు లెక్కపెట్టుకోవలసిన వ్యవహారం. సిగ్గుపడి చెప్పుకోలేక ఆలస్యం చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ ఆలస్యంతో మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు.

సాయంత్రాలు సన్నగా జ్వరం, రాత్రిళ్ళు చెమటలు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, వీటితోపాటు వారాల తరబడి వెన్నులో ఒకే చోట నొప్పి. క్షయ ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటాం గాని, వెన్నుపూసలకూ వస్తుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు కాబట్టి ఈ మాట మనం మరవకూడదు. పుచ్చిన పూస మీద బలంగా నొక్కితే నలిగిపోయి కాళ్ళు చచ్చుబడవచ్చు. తొందరగా కనిపెడితే ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం మందులు వాడి నయం చేసుకోవచ్చు. ప్రభుత్వాస్పత్రుల్లో ఆ మందులు ఉచితం.

పడుకున్నా తగ్గక, రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి. ఇంతకుముందు రొమ్ము క్యాన్సర్‌కో మరో క్యాన్సర్‌కో వైద్యం చేయించుకున్నవారికి కొత్తగా వచ్చిన వెన్ను నొప్పి.

ముట్లుడిగిన తర్వాత చిన్నగా జారిపడ్డా, బకెట్ ఎత్తినా చటుక్కున పట్టుకున్న నొప్పి. ఎత్తు తగ్గినట్టూ, వీపు గూని వాలినట్టూ అనిపించడం. ఉబ్బసానికో కీళ్ళవాతానికో చాలాకాలంగా స్టీరాయిడ్లు వాడుతుండటం. వీళ్ళలో ఎముకలు గుల్లబారి పూస నలిగి ఉండవచ్చు. ముందు ఎక్స్‌రే, డాక్టరు చెబితే ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలి.

కాలిలోకి దిగిన నొప్పితోపాటు పాదం పైకి ఎత్తలేక చెప్పు జారిపోవడం, తిమ్మిరి రోజురోజుకీ పెరగడం.

నడుం పక్కన నొప్పితో చలి జ్వరం, మూత్రంలో మంట ఉంటే అది మూత్రపిండాల సంగతి. నడుం నొప్పితో పొత్తికడుపు నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట, నెలసరి మధ్యలో రక్తస్రావం ఉంటే స్త్రీల వైద్యురాలికి చూపించాలి. వీపు, దవడ, ఎడమ చెయ్యి లాగుతూ ఆయాసం, చెమటలు వస్తే అది గుండె. 108కి ఫోన్ చేయడమే.

వయసులో ఉన్నవాళ్ళకి మూడు నెలలు దాటిన నొప్పి, పొద్దున్న అరగంటకు పైగా బిగుసుకుపోయి పని చేస్తుంటే సడలడం ఉంటే, అది వాతానికి సంబంధించినది కావచ్చు. కీళ్ళవాత నిపుణులు చూడాలి.

మరి ఎప్పుడు వెళ్ళవచ్చు?

పై లక్షణాలేవీ లేవు. ఇంటి జాగ్రత్తలు తీసుకున్నా రెండు మూడు వారాలకీ బిగువు వదల్లేదు. లేదా తగ్గి తగ్గి మళ్ళీ వస్తోంది. డాక్టరు పరీక్షించి "కండరాల నొప్పే, కంగారు లేదు" అన్నారు. అప్పుడు చేత్తో చేసే చికిత్సకు వెళ్ళవచ్చు. ఫిజియోథెరపిస్టు అయినా, సక్రమంగా చదివిన కైరోప్రాక్టర్ అయినా సరే. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి ముందు కాపడం, మాలిష్, చేత్తో కీళ్ళు కదిలించడం లాంటివి ప్రయత్నించవచ్చని అమెరికా వైద్యుల సంఘం 2017లో సూచించింది. దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామంతోపాటు ఇలాంటి చికిత్స చేయించుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో చెప్పింది. అదే సంస్థ నడుం పట్టీలూ, బరువులు కట్టి లాగడమూ మామూలుగా అక్కర్లేదంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. దీనివల్ల కలిగేది కొద్దిపాటి ఉపశమనమే గాని మంత్రం కాదు. వ్యాయామం చేయకుండా నొక్కించుకోవడం ఒక్కటే పెట్టుకుంటే నొప్పి తిరిగి వస్తుంది. చికిత్స అయిన ఒకటి రెండు రోజులు ఒళ్ళు సలపడం మామూలే.

మంచివారిని గుర్తుపట్టడం ఎలా?

మంచివారు చెయ్యి వేసే ముందు మాట్లాడతారు. పాత జబ్బులు, మందులు, ఆపరేషన్లు, కాన్పులు అడుగుతారు. మోకాలి మీద సుత్తితో కొట్టి, కాళ్ళ బలం, స్పర్శ చూస్తారు. ఏం చేయబోతున్నారో చెప్పి మీరు సరేనన్నాకే మొదలుపెడతారు. నాలుగైదు సార్లకి తేడా కనిపించకపోతే వాళ్ళే ఆపేసి డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. ఇంట్లో చేసుకునే వ్యాయామాలు నేర్పుతారు.

వచ్చినవారందరికీ ఎక్స్‌రే తీయించి, ముప్పై సిట్టింగులకి డబ్బు ముందే కట్టమనేవారిని నమ్మకండి. షుగరు, థైరాయిడ్, ఉబ్బసం కూడా వెన్ను నొక్కితే పోతాయనేవారి దగ్గర, వాడుతున్న మందులు మానేయమనేవారి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు. పసిపిల్లల వెన్ను ఎవరి చేతా నొక్కించవద్దు.

ఇక పుత్తూరు కట్టు సంగతి. తిరుపతి దగ్గరి పుత్తూరు పేరు తెలియని తెలుగిల్లు ఉండదు. అది చెయ్యో కాలో విరిగినప్పుడు కట్టే కట్టుగా పేరుపొందింది. వెన్నెముక లోపల నరాల తాడు ఉంటుంది కాబట్టి ఆ లెక్క వేరు. దెబ్బ తగిలిన వెన్నుకి ముందు ఎక్స్‌రే తప్పనిసరి.

మెడ జోలికి వెళ్ళనివ్వకండి

క్షవరం అయ్యాక తలపట్టుకుని మెడ ఇటూ అటూ 'టక్'మని తిప్పించుకోవడం మన మగవాళ్ళకి సరదా. ఇంటికి వచ్చాక వాళ్ళకి ఈ మాట చెప్పండి. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు మెడపూసల పక్కనుంచే వెళతాయి. విసురుగా తిప్పితే ఆ నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే పెద్ద ప్రమాదం. మెడ తిప్పిన తరువాత తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, నడక తూలడం, ఎన్నడూ లేని తలనొప్పి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఏ చికిత్సకి వెళ్ళినా, "మెడ విసురుగా తిప్పవద్దండీ" అని ముందే చెప్పే హక్కు మీకుంది.

పాఠకులకు వచ్చే సందేహాలు

సిజేరియన్‌కి వెన్నులో మత్తు సూది ఇచ్చారు. అప్పట్నుంచే నొప్పి అంటారు, నిజమేనా?

సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు నొప్పిగా ఉండవచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి మాత్రం సూది కారణం కాదు. నెలలు మోసి సాగిన పొట్ట కండరాలు తిరిగి బలపడకపోవడం, వంగి పాలివ్వడం, బిడ్డని ఒక చంకనే ఎత్తుకోవడం అసలు కారణాలు. వ్యాయామంతో తగ్గుతుంది.

గర్భిణులు ఈ చికిత్స చేయించుకోవచ్చా?

కాన్పు చేసే డాక్టరమ్మ ఒప్పుకుంటే, గర్భిణులకు చేయడంలో అనుభవమున్నవారి దగ్గర మృదువుగా చేయించుకోవచ్చు. రక్తస్రావం, మాయ కిందికి ఉండటం, నెలలు నిండకుండా నొప్పులు రావడం ఉంటే వద్దు. అమ్మాయి కాన్పుకి అమెరికా వెళ్ళిన తల్లులు కూడా, అక్కడి కైరోప్రాక్టర్‌కి తమ బీపీ, షుగరు మందులు, ఎముకల పరిస్థితి చెప్పకుండా చికిత్సకు కూర్చోకూడదు.

ఎమ్మారైలో 'డిస్క్ ఉబ్బింది' అని వచ్చింది. ఆపరేషనేనా?

కంగారు పడకండి. ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసినా చాలామందిలో అది కనిపిస్తుంది. కాళ్ళ బలం, మూత్రం మీద అదుపు బాగుంటే ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

నొప్పి తిరిగి రాకుండా

నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు ఉంటుంది. ఒక్కరే ఎత్తకండి, తెచ్చిన అబ్బాయి చేతే వంటింట్లో పెట్టించండి. ఏ బరువైనా నడుం వంచి కాదు, మోకాళ్ళు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపండి. ఒక పెద్ద బిందె బదులు రెండు చేతుల్లో రెండు చిన్న బకెట్లు మేలు. చీపురుకి పొడుగు కర్ర కట్టించుకోండి. గట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడి వండేటప్పుడు ఒక కాలు చిన్న పీట మీద పెట్టి, కాసేపటికి కాళ్ళు మార్చండి.

నొప్పి తగ్గాక రోజుకి పది నిమిషాలు ఇవి చేయండి. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు గుండెలకి హత్తుకుని పది లెక్కపెట్టండి, తర్వాత రెండోది. మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకి ఆనించి నడుం మెల్లగా పైకి లేపి దించండి. ఒక్కొక్కటి పదిసార్లు. నొప్పి కాలిలోకి పాకితే ఆపేయండి.

ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా అమృతాంజనం సీసా పట్టుకుని పరిగెత్తే ఇల్లాలు, తన నొప్పిని మాత్రం 'పండగ అయ్యాక', 'పిల్లల పరీక్షలయ్యాక' అని వాయిదా వేస్తుంది. మామూలు పట్టుకి ఆ వాయిదా వల్ల నష్టం లేదు. పైన చెప్పిన గుర్తులు కనిపించినప్పుడు మాత్రం అదే వాయిదా కాళ్ళ మీదికి తెస్తుంది. ఆ గుర్తులున్న పేజీని కత్తిరించి వంటింటి అలమర తలుపు లోపల అంటించుకోండి. మీకే కాదు, మీ అత్తయ్యగారికి, మీ ఇంట్లో పని చేసే అమ్మాయికి కూడా అక్కరకొస్తుంది.